మోగని గొట్టం

మా బావ చేసే ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే, గొట్టాలు మోగుతున్నాయో లేదో వినడం అని చెబుతాను. ఆయనకు ఒళ్లు మండుతుంది. కానీ నిజం అదే. చమురు కోసమో గ్యాసు కోసమో భూమిలోకి లోతుగా బావి తవ్వుతారు. అది కూలిపోకుండా ఉక్కు గొట్టం దింపి, గొట్టానికీ చుట్టూ ఉన్న రాతికీ మధ్య సందులో సిమెంటు నింపుతారు. సిమెంటు సరిగ్గా పట్టకపోతే కిందనున్న గ్యాసు ఆ సందు వెంటే పైకి పాకుతుంది. ఆ తర్వాత ఏమవుతుందో బావ భోజనాల దగ్గర కూడా వర్ణించి చెప్పగలడు. అందుకని ఆయన ఒక పొడుగాటి పరికరాన్ని తీగకు కట్టి గొట్టంలోకి వదులుతాడు. అది చప్పుడు చేసి, తిరిగొచ్చేది వింటుంది. సిమెంటు గట్టిగా పట్టిన చోట గొట్టం మూగగా ఉంటుంది. పట్టు లేని చోట ఖంగుమని మోగుతుంది.

మోగితే తప్పు, మోగకపోతే ఒప్పు. ఏళ్ల తరబడి ఈ ఒక్క ముక్కనే నమ్ముకున్న మనిషి ఇంట్లో ఎలా ఉంటాడో ఊహించుకోండి. ఆయనకు రెండు వారాలు బావి దగ్గర డ్యూటీ, రెండు వారాలు ఇల్లు. ఇంట్లో ఉన్నన్నాళ్లూ వేలి కణుపుతో తలుపులూ గోడలూ పుచ్చకాయలూ కొట్టి చూస్తుంటాడు. మేం కొత్తగా టైల్స్ వేయించుకున్నాం, చూసి వెళ్లండని పిలిచిన పాపానికి, వంగి వంగి ఒక్కోదాన్నీ కొట్టి, సగం డొల్లగా ఉన్నాయని తేల్చి, కాఫీ తాగి వెళ్లిపోయాడు. మా ఆయన ఇప్పటికీ ఆ గదిలో మునివేళ్ల మీద నడుస్తాడు.

ఇక మా అక్క. రక్తపరీక్షలు చేసే లాబులో పని. ఆవిడ నోటి సంగతి వీధి వీధంతటికీ తెలుసు. బావ డ్యూటీ దిగి గడపలో కాలు పెట్టగానే మొదలయ్యేది: ఫోను ఎందుకు చెయ్యలేదు, కారుతున్న కుళాయి ఎప్పుడు బాగుచేయిస్తారు, నాకు జ్వరమొస్తే ఎవరు చూస్తారు, అసలు ఈ ఇంట్లో నేనెవర్ని. బావకు చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు. అన్నీ విని, లేచి వెళ్లి కుళాయిని కొట్టి చూసేవాడు. అలాంటి అక్క నిరుటి నుంచి గొడవపడటం మానేసింది. ఆయన వస్తే వచ్చారా అంటుంది. వెళ్తుంటే జాగ్రత్త అంటుంది. మధ్యలో వేళకు అన్నం పెడుతుంది.

బావ ఆనందం చెప్పనలవి కాదు. ఈ మధ్య డ్యూటీకి వెళ్తూ మా ఇంట్లో ఆగి, కాళ్లు బారచాపుకుని కూర్చుని, "మీ అక్క సెట్టయిపోయింది మరదలా. ఇన్నాళ్లకి సిమెంటు పట్టింది" అన్నాడు.

ఇంకొకప్పుడైతే పడీపడీ నవ్వేదాన్ని. కానీ నాకు అసలు సంగతి తెలుసు. దూరంగా ఇంకో ఊళ్లో లాబు మొత్తం చూసుకునే ఉద్యోగం వస్తే అక్క ఒప్పుకుంది. అద్దెకు గది కూడా మాట్లాడుకుంది. బావ డ్యూటీలో ఉండగానే సామాను సర్దుకుని వెళ్లిపోవాలనీ, మళ్లీ ఆయన దగ్గరికి రాకూడదనీ నిశ్చయించుకుంది. ఒక్క మాట చెప్పి చూడవే అని బతిమాలాను.

"అరిచినన్నాళ్లూ ఆయన వింటారని ఆశ ఉండేదే. ఇప్పుడు అరవాలని కూడా లేదు" అంది. పైగా నోరు విప్పనని నా చేత ఒట్టు వేయించుకుంది. నేను కాలుకాలిన పిల్లిలా తిరిగాను. మా బావ మొద్దు, కాదనను. కానీ చెడ్డవాడు కాడు. నాకు ఆయనంటే ఇష్టం.

ఆ వారంలోనే బావి దగ్గర బావ పరువు పోయింది. సిమెంటు బ్రహ్మాండంగా ఉందని ఆయన తేల్చిన బావికి, పైన బిగించిన మీటరులో ఒత్తిడి పెరగడం మొదలైంది, అంటే గ్యాసు పైకి పాకుతోందన్నమాట. మీటరే చెడిపోయిందన్నాడు. మార్చారు. కొత్తదీ అదే చూపించింది. అందరికీ తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి గొట్టానికి చిల్లులు పెట్టి, మళ్లీ సిమెంటు ఎక్కించి, బావను నాలుగు మాటలని ముందుగానే ఇంటికి పంపించేశారు.

ఆయన వచ్చేసరికి నేను వాళ్లింట్లో అక్కతో కలిసి ఆవిడ చీరలు మడతపెడుతున్నాను. హాలు నిండా పెట్టెలు. బావ మాత్రం తెరిచి ఉన్న పెట్టెను దాటుకుంటూ వచ్చి, కుర్చీలో కూలబడి, బావి గొడవంతా ఏకరువు పెట్టాడు. కళ్ల ముందే ఇల్లు ఖాళీ అవుతుంటే ఈ మనిషికి కనిపించడం లేదే అని నాకు ఏడుపొచ్చింది.

"గొట్టం మోగుతూనే ఉంది. నా పరికరానికి వినపడలేదు, అంతే" అన్నాడు. "దాన్ని సరిగ్గా నడిమధ్యలో నిలబెట్టే స్ప్రింగులు అరిగిపోయాయి. అది పక్కకి ఒరిగిపోయింది. పక్కకి ఒరిగితే ఎంత మోగుతున్నా మూగగానే..."

అక్కడ ఆగిపోయాడు. అక్క వైపు చూశాడు. పెట్టెల వైపు చూశాడు.

"ఏడాదిగా నువ్వు నాతో పోట్లాడలేదు కదూ" అన్నాడు. "ఎందుకని?" అని అడిగాడు.

అక్క చెప్పింది. ఏడాది బాకీ మొత్తం చెప్పింది. జ్వరంతో ఒంటరిగా పడుకున్న రోజులు చెప్పింది, కొత్త ఉద్యోగం చెప్పింది, గది చెప్పింది. మానేది లేదనీ, ఎల్లుండే వెళ్తున్నాననీ చెప్పింది. బావ కదల్లేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని చివరిదాకా విన్నాడు.

"ఏదో ఒకటి అనండి" అంది అక్క. "పలక్కపోతే సరేనన్నట్టు అనుకోవడానికి నేను మీలాంటిదాన్ని కాదు."

"నువ్వు లేని ఇంటికి రావాలంటే భయంగా ఉంది" అన్నాడు బావ.

ఆయన నోట అలాంటి మాట వినడం నాకు అదే మొదలు. అక్క చేతిలోని చీరను ఊరికే మళ్లీ మళ్లీ మడతపెట్టింది.

"ఈ ఇంటికెందుకు? డ్యూటీ దిగగానే తిన్నగా నేనున్న చోటికి రండి. రావద్దని నేను అనను" అంది. "కానీ వస్తే అడగాలి. ఎలా ఉన్నావని, ఏం జరిగిందని. నేను చెప్పకముందే మీరే అడగాలి."

బావ తలూపాడు. ఏం అడగాలో తోచక కాసేపు అవస్థ పడ్డాడు, పాపం. పరీక్షలో కూర్చున్నవాడిలా ముఖాన చెమట కూడా పట్టింది. చివరికి ఆ కొత్త గదిలోకి గాలి వస్తుందా అని అడిగాడు.

వస్తుందని చెప్పబోయి అక్క ఏడ్చేసింది.