బస్సు ఖాళీగా ఎందుకు తిరిగింది

ఒక మాట ఇన్నేళ్లుగా నాకు గొంతు దిగడం లేదు. ఉమ్మేద్దామన్నా రావడం లేదు. నువ్వెవరో నాకు తెలియదు. అందుకే నీకు చెబుతున్నాను.

పళ్ల మార్కెట్ గడ్డిఅన్నారంలో ఉన్నంతకాలం అక్కడ మాతో పనిచేసే ఆడవాళ్లు నడుచుకుంటూనే పనికి వచ్చేవారు. మార్కెట్ ఊరవతల, దూరంగా బాటసింగారం పోయాక వాళ్లకు గండమైంది. చీకట్లో ఎల్బీనగర్ చౌరస్తాలో నిలబడి, దొరికిన లారీ ఎక్కేవారు. సర్కారు వాళ్లు వాళ్ల కోసం ఒక బస్సు వేసి చూద్దామనుకున్నారు. హమాలీల పెద్దను కదా, పని ఎప్పుడు మొదలవుతుందని నన్నే అడిగారు. తెల్లారినాక అన్నాను.

అది మూటలెత్తే మగవాళ్ల టైం. ఆడవాళ్లు అంతకు చాలా ముందే వచ్చి, గడ్డి పరిచి, కుళ్లిన కాయలు ఏరి పెడితేనే వేలం మొదలయ్యేది. నాకు తెలియదా? తెలుసు. నోటికి రాలేదు. వాళ్ల పనిని నేను పనిగానే చూడలేదేమో.

బస్సు ఖాళీగా తిరిగింది.

కొన్ని నెలలకు ఒక ఆఫీసరమ్మ వచ్చింది. చిన్న వయసు. బస్సు పనికొచ్చిందా, రాకపోతే ఎందుకు రాలేదు అని తేల్చడమే తన పని అంది. ఆడవాళ్లతో విడిగా మాట్లాడతానంది. అలా అడగాలని ఆఫీసర్లకు కొత్తగా నేర్పారట. నేను అడ్డం కూర్చున్నాను.

"ఆళ్లనేం అడుగుతవమ్మా, నన్నడుగు. ఈడ అందరికీ నోరు నేనే."

"వాళ్లు బస్సెందుకు ఎక్కట్లేదండీ?"

కాయలేరుతున్న సత్తెమ్మ తలెత్తింది. మోకాళ్లు అరిగిపోయిన మనిషి. "మేడం, గా బస్సు..."

"నువ్వు కాయలు జూడు సత్తెమ్మా. నీ ముచ్చట్లకే సగం బత్తాయిలు కుళ్లుతున్నయ్."

అందరూ నవ్వారు. సత్తెమ్మ కూడా నవ్వింది. నేను ఆఫీసరమ్మ వైపు తిరిగాను. "ఆడోళ్లకు బస్సంటే ఇష్టం లేదమ్మా. లారీల కూసొని ముచ్చట్లు పెట్టుకుంట ఒస్తరు. మీరెంత జేసినా గంతే."

"అంతేనా అమ్మా?" అని ఆమె సత్తెమ్మనే అడిగింది.

సత్తెమ్మ నా మొహం చూసింది. "పెద్దన్న చెప్పిండు గద మేడం."

నేను దేనికి భయపడ్డాను? సర్కారుకు కాదు. టైం తప్పు చెప్పింది నువ్వేనా అని మా ఆడవాళ్లు అడుగుతారేమోనని. అంతే. ఆ ఒక్క ప్రశ్న తప్పించుకోవడానికి అంతమందిని ముచ్చట్ల పిచ్చివాళ్లను చేశాను.

బస్సు తీసేశారు. సత్తెమ్మ మోకాళ్లు ఇంక లారీ ఎక్కనివ్వలేదు. ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో ఏదో హాస్టల్లో అంట్లు తోముతోంది. ఎదురుపడితే "మంచిగున్నవా పెద్దన్నా" అంటుంది. మంచిగున్న అంటాను.

ముసలితనంలో, చర్చిలో పెద్దవాళ్లకు పెట్టిన బడిలో కూర్చుని అక్షరాలు నేర్చుకున్నాను. అంతకుముందు ఒక సాకు ఉండేది: చదువు రానివాణ్ణి, ఆఫీసర్ల ముందు నాకేం తెలుస్తుంది అని. అక్షరాలు వచ్చాక అదీ పోయింది. అబద్ధమాడడానికి చదువుతో పనేముంది?

మరి సత్తెమ్మకే చెప్పొచ్చుగా అంటావు. చెప్పలేను. ఆమెకు చదువు రాదు, ఇది ఆమెదాకా పోదు, ఆ ధైర్యంతోనే రాస్తున్నాను. చూశావా, ఒప్పుకోవడంలో కూడా నా దొంగతెలివి.

అయినా ఒక్కసారి నా చేత్తో రాయనీ. ఆడవాళ్లకు ఇష్టం లేక కాదు. టైం నేను తప్పు చెప్పాను. సత్తెమ్మ చెప్పబోతే నోరు నొక్కాను.

రాశాను. కొంచెం ఊపిరి ఆడుతోంది. దాంతో నాకు క్షమ దొరికిందని అనుకోను.