గీత తాకేదాకా

సఖావత్ భాయ్ రెండు వాలుగీతలు గీయనిదే లోకంలో దేన్నీ నమ్మడు.

శంషాబాద్ ఎయిర్‌పోర్టు పార్కింగ్‌లో బుకింగ్ కోసం కాచుకునే క్యాబ్ డ్రైవర్లలో ఆయనొకడు. మిగతావాళ్లు నిద్రపోతుంటే ఆయన ఫోన్‌లో షేర్ల చార్టు తెరుస్తాడు. ధర పడి లేచిన చోట్లను కలుపుతూ కింద ఒక గీత, ఎక్కి ఆగిన చోటు మీదుగా దానికి సమాంతరంగా ఇంకో గీత. దాని పేరు చానల్. ఫోన్ అద్దం ఏటవాలుగా అరిగిపోయింది.

"ఇది గల్లీ మియా. కింది గోడ తాకితే కొను, పై గోడ తాకితే అమ్ము."

ఆయన ఈ పార్కింగ్‌కు వస్తున్న ఆరేళ్లలో ఒక్క షేరు కొనగా ఎవరూ చూడలేదు.

భార్య కనీజ్ షుగర్ రిపోర్టులకూ చానల్ గీశాడు. "పై గోడకు తాకింది, ఇగ అదే దిగుతది" అన్నాడు.

"నా చెయ్యి లేస్తే ఏ గోడకు తాకుతదో గూడ గీసుకో" అందామె. ఆ సాయంత్రమే దవాఖానకు తీసుకెళ్లాడు.

నేను అదే ఎయిర్‌పోర్టు కార్గోలో పెట్టెలు మోసేవాణ్ని. దొరికిన ప్రతి కాగితం చదివి, చదివినకొద్దీ లోకం మీద కోపం పెంచుకున్నవాణ్ని. పెట్టెలెత్తే ఫోర్క్‌లిఫ్ట్ బండి నేర్చుకొమ్మని మా అమ్మ బర్రెను అమ్మి డబ్బిచ్చింది. ఫీజుకు పదిరోజుల గడువుంది. ఈలోగా ఆ డబ్బు రెట్టింపు చేయాలనుకున్నాను.

"భాయ్, ఈ షేరు ఎప్పుడు కొనాలె?"

"పైసలెక్కడివి పాండూ?"

"బర్రెవి."

నా ఫోన్ తీసుకుని చాలాసేపు తలొంచుకుని గీశాడు. "కింది గీత తాకితేనే కొను. ముందు కొంటే నా మీద ఒట్టు."

రోజూ అదే మాట.

"తాకిందా?"

"లేదు భాయ్. పైకే పోతుంది. ఏంది గిట్ల?"

"జర ఆగు."

పదో రోజు ఏడవలేక ఫీజు కట్టాను. నెలరోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆ షేరు పెరిగింది, పడింది, మళ్లీ పెరిగింది.

తర్వాత ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద చార్టుల గురించి పాత పుస్తకమొకటి దొరికింది. కింది గీత కనీసం రెండుచోట్ల ధరను తాకుతూ ఉండాలని అందులో ఉంది. ఫోన్ తెరిచాను. సఖావత్ భాయ్ గీత అలాగే ఉంది. అది దేన్నీ తాకడం లేదు. ఎక్కడో పాతాళంలో ఒంటరిగా వేలాడుతోంది.

పార్కింగ్‌కు పరిగెత్తాను. "భాయ్, నువ్వు గీత తప్పు గీసినవ్!"

ఆయన చుట్టూ చూశాడు. "మెల్లగ మియా. వీళ్లు వింటే నా ఇజ్జత్ పోతది."

"ఎందుకు గీసినవ్?"

కిరాయి కారు స్టీరింగ్ మీద చెయ్యి పెట్టాడు. "నాకూ సొంత కారుండె. అప్పుడు గీత కరెక్టుగనే గీసిన."

ఫోన్ జేబులో పెట్టుకున్నాను. ఆయనే అడిగాడు. "నీ బండి ఎట్ల నడుస్తుంది?"

"మంచిగనే. గోదాం నేల మీద రెండు పసుపు గీతలుంటయ్. వాటి నడుమనే నడపాలె."

సఖావత్ భాయ్ ముఖం వెలిగిపోయింది. "తాకుతవా?"

"తాకితే సూపర్‌వైజర్ తిడతడు."

"ఫొటో పంపు" అన్నాడు గంభీరంగా. "సమాంతరంగ ఉన్నయో లేదో నేను చూసి చెప్త. అప్పటిదాక జర నిదానంగ నడుపు."