దేవుని గూట్లో ఎర్ర బుడ్డి

ఈ రోజు పెనుకొండలో నా పరువు పోయింది. అయినా సాయంత్రం నుంచి నవ్వు ఆగడం లేదు.

నాకు పాత రంగు గాజు బుడ్ల పిచ్చి. దొరలు సారాయి పోసుకున్న సానపట్టిన బుడ్డి కనిపిస్తే వదలను. ఎప్పుడో పగిలిన ఒక బుడ్డి తాలూకు ఎర్ర బిరడాను చొక్కా జేబులో వేసుకునే తిరుగుతాను, దేనికైనా సరిపోతుందేమోనని.

పొద్దున శెనక్కాయల వ్యాపారం చేసే మిత్రుడింటికి వెళితే, దేవుని గూట్లో దానిమ్మ గింజలా మెరుస్తూ ఎర్ర బుడ్డి! మూతికి గుడ్డ కుక్కి ఉంది. మిత్రుడి అవ్వ దాన్ని తీసి నా చేతిలో కాశీ గంగ పోసింది. అది దేని బుడ్డో చెబితే ఆవిడ దాన్ని పారేస్తుంది, నేను ఎత్తుకుపోవచ్చు అనుకున్నాను.

"అవ్వా, ఇది దొరలు సారాయి తాగిన బుడ్డి," అన్నాను, బాధగా మొహం పెట్టి.

"నాకు తెలీదనుకుంటివా అబ్బా? మా ఆయన బంగళా వేలంలో తెచ్చినప్పుడు వాసన పోయేదాకా తోమింది నేనే. గంగమ్మ దిగినంక అది గంగమ్మ ఇల్లే. నీ జేబులో ఎర్రగా ఏందో ఉండాది, ఈడికి తే."

బిరడా పెట్టగానే, పుట్టినప్పటి నుంచీ అక్కడే ఉన్నట్టు కూర్చుంది. నేను చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాను. అవ్వ బుడ్డిని బిరడాతో సహా గూట్లో పెట్టేసి, నా నొసట కుంకుమ దిద్దింది.

తెచ్చుకుందామని పోయి ఇచ్చి వచ్చాను. హిందూపురం బస్సులో ఖాళీ జేబు తడుముకుని నవ్వుతుంటే పక్కాయన దూరం జరిగాడు. రేపు మళ్లీ తీర్థానికి పోవాలనుంది. మీరే చెప్పండి, దీన్ని భక్తి అనొచ్చు కదా?