చీమ కుట్టినంత సేపు

మా పిన్నిని ఆసుపత్రిలో అందరూ చీమమ్మ అనేవారు. సూది గుచ్చే ముందు ఎవరికైనా ఆమె చెప్పేది ఒకటే మాట: "చీమ కుట్టినంత సేపే." ముప్పై ఒక్క ఏళ్ళు ఆ మాట మీదే నడిచింది ఆమె ఉద్యోగం. "చీమవి కాదే, కందిరీగవి" అనేది మా అమ్మ. సూది వేయించుకోవడానికి మాత్రం చెల్లెలి దగ్గరికి తప్ప ఇంకెవరి దగ్గరికీ వెళ్ళేది కాదు.

గుండె విభాగంలో, వరండా చివరి గది ఆమెది. చెయ్యి ఆనించుకునే కుర్చీ, స్పిరిట్ వాసన, రక్తం పట్టే రంగు మూతల గాజు గొట్టాలు. పొద్దున ఎనిమిదింటికి కిటికీలోంచి ఎండ వచ్చి ఆ గొట్టాల మీద వాలేది. కాసేపు గోడంతా నీళ్ళు కదిలినట్టుండేది.

పిన్ని చేరిన కొత్తలో, గుండె అలిసిపోయినవాళ్ళ సంగతి వేళ్ళకే తెలిసేది. కాలి ఎముక మీద బొటనవేలితో నొక్కి, పడిన గుంట ఎంతసేపటికి పూడుతుందో లోలోపల లెక్కపెట్టేవారు. తలకింద ఎన్ని దిళ్ళు వేసుకుంటే ఊపిరి ఆడుతోందని అడిగేవారు. పిన్నికి మనుషులు అలాగే గుర్తు: ఒక దిండు ఆయన, మూడు దిళ్ళ ఆవిడ.

తర్వాత కొత్త పరీక్ష వచ్చింది. గుండె మీద భారం పెరిగి దాని గోడలు సాగుతుంటే, రక్తంలోకి ఒక పదార్థం వదులుతాయట. అదెంతుందో యంత్రం అంకెలో చెబుతుంది. అంకె ఎక్కుతూ పోతే రాబోయే రోజులు గడ్డువి. దిగితే గుండె కాస్త తెరిపిన పడినట్టు. ఎన్నేళ్ళుగానో వేళ్ళతో తడుముకున్నది కాగితం మీద కనపడేసరికి పిన్ని మురిసిపోయింది. ఫలితాలు చెప్పాల్సింది డాక్టరమ్మ. కానీ ఈవిడ ఆగితేనా! వరండాలోనే కేకేసేది: "పాసయ్యారు! ఈసారి ఫస్టు క్లాసు!"

ఆ కేక కోసమే వచ్చేవాడు ఒక దర్జీ. పిన్ని ఆయన్ని బాబాయ్ అని పిలిచేది. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి, మెడలో ఎప్పుడూ కొలతల టేపు. "ఛాతీ ముప్పై ఆరు, అది నేను కొలుచుకున్నా. లోపలిది నువ్వు కొలువమ్మా" అని మూడు నెలలకోసారి చెయ్యి చాపేవాడు. ఈసారి అంకె పెరిగితే వార్డులో చేరాలి, కాలితో మిషను తొక్కడం మానాలి అని ఒకసారి డాక్టరమ్మ ఖచ్చితంగా చెప్పేసింది. మోటారు పెట్టించుకోమంటే ఆయన ఒప్పుకోలేదు. "మోటారు పరిగెడుతుంది తల్లీ. నా కాలైతే ఆలోచిస్తుంది."

అంకె దిగింది. పిన్ని ఎప్పట్లాగే కేకేసింది.

మళ్ళీ మూడు నెలలకి వచ్చాడు. రబ్బరు పట్టీ కట్టింది. ఎప్పుడూ తాడులా లేచే నరం ఆ రోజు వేలికి అందలేదు. పెదవులు పగిలి ఉన్నాయి. కుర్చీలోంచి కాస్త లేవబోయి తూలాడు.

"బాబాయ్, ఒంట్లో నీరు పోయే మాత్ర ఎన్ని వేసుకుంటున్నారు?"

ఆయన టేపు కొస వేలికి చుట్టుకున్నాడు. "మూడు రోజుల్నుంచీ రెట్టింపు. తాగే నీళ్ళు కూడా తగ్గించా. ఒంట్లో నీరు తగ్గితే అంకె దిగుద్దిగా. పరీక్ష కదమ్మా! చదువుకోకుండా ఎవరెళ్తారు?"

పిన్నికి నవ్వొచ్చింది. నవ్వు సగంలోనే ఆపేసి అడిగింది: "క్రితంసారి?"

"అప్పుడూ అంతే. నువ్వు ఫస్టు క్లాసన్నావుగా." గొంతు తగ్గించాడు. "డాక్టరమ్మకి చెప్పకు. మిషను ఆపేస్తే నేనేం మిగుల్తానమ్మా? మూలన పెట్టిన కొలబద్దని."

పట్టీ విప్పేసి, ఆయన ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది పిన్ని.

"బాబాయ్, కొలతలిచ్చేటప్పుడు పొట్ట బిగబట్టేవాళ్ళుంటారా?"

"ఉండకేం! నలుగురిలో ముగ్గురు. వదలండి బాబూ అంటే, ఇదే నా పొట్ట అంటారు. తీరా తొడుక్కుని భోజనానికి కూర్చుంటే గుండీ ఎగిరి ఎదుటివాడి కంట్లో పడుద్ది. తిట్లేమో నాకు!"

చెప్పి, టక్కున ఆగిపోయాడు. కిటికీ వైపు చూశాడు. గట్టిగా ఊపిరి వదిలాడు.

"సరే. పద, చెబుదాం."

చక్రాల కుర్చీలో తనే తోసుకెళ్ళింది. ఆయన మాత్రల సంగతి, తన కేకల సంగతి రెండూ తనే చెప్పింది. డాక్టరమ్మ ఇద్దర్నీ కలిపి చీవాట్లు పెట్టింది. మూత్రపిండాలు అప్పటికే దెబ్బతినడం మొదలైంది. అయిదు రోజులు వార్డులో ఉన్నాడు. ఒంట్లో నీరు సర్దుకున్నాక తీసిన అసలు అంకె వెనకటి వాటన్నిటికంటే పెద్దది. కానీ అది నిజమైన కొలత. మందులు దానికి తగ్గట్టు మార్చారు. మిషనుకు మోటారు వచ్చింది. వారం రోజులు దాన్ని తిట్టి, తర్వాత దానితో మాట్లాడటం మొదలుపెట్టాడట.

ఆ తర్వాత నాలుగేళ్ళు వచ్చాడు. చొక్కా చెయ్యి మడుస్తూ, "పొట్ట వదిలేశానమ్మా, తీసుకో" అనేవాడు. పిన్ని మళ్ళీ ఎవరికీ ఫలితం చెప్పలేదు. అడిగితే, "డాక్టరమ్మని అడగండి. నాకు కుట్టడమే తెలుసు" అనేది. దానికి ఆయన, "అది నా ఉద్యోగం" అనేవాడు.

ఒకసారి, మోచెయ్యి కింద పెట్టుకోవడానికి నీలం గళ్ళ దిండు కుట్టి తెచ్చాడు. మోటారు మీద కుట్టిన మొదటి సరుకు. కుట్లు కాస్త వంకర. ఆయన రావడం మానేశాక కూడా ఆ దిండు మీద ఎన్ని వేల చేతులు ఆనాయో!

ఉద్యోగం అయిపోయిన రోజు పిన్ని ఆ గదిలోంచి తెచ్చుకున్నది అదొక్కటే. ఇప్పుడది ఆమె కిటికీ దగ్గర ఉంటుంది. పొద్దున ఎండ దాని మీద వాలినప్పుడు, మాటల మధ్యలో, పిన్ని బొటనవేలితో దాన్ని మెల్లగా నొక్కుతుంది. దూది ముసలిదైంది. గుంట నెమ్మదిగా పూడుతుంది. పెదవులు కదలకుండా ఆమె లెక్కపెడుతూ ఉంటుంది. అప్పుడు మేమెవ్వరం పలకరించం.