రంగు వదిలిన చేతులు

మా మేనమామ పోయాడని మొన్న పొద్దున ఉప్పుగూడ నుంచి కబురు వచ్చింది. నాన్న లేని నన్ను పెంచి చదివించిన మనిషి. బస్సులో కూర్చున్నంతసేపూ ఆయన ముఖం కాదు, చేతులే గుర్తొచ్చాయి.

మామ పెరట్లో రెండు గాబులు పెట్టుకుని నూలుకు రంగులు వేసేవాడు. మోచేతుల దాకా ఎప్పుడూ ఏదో ఒక రంగు. పెళ్లిళ్లలో లడ్డూలు వడ్డిస్తుంటే జనం ఆ చేతుల వంక చూసేవాళ్లు. "కడిగిన చేతులే, ఫికర్ జెయ్యకుర్రి" అని ఇంకో లడ్డూ వేసేవాడు.

ఆ రంగుల పని సంపాదనతో చదివిస్తే నాకు నీటి కాలుష్యం చూసే సర్కారు ఆఫీసులో నౌకరీ వచ్చింది. అప్పుడే కొత్త చట్టం వచ్చింది. నాలాలోకి మురికినీళ్లు వదలాలంటే మా అనుమతి కావాలి. అనుమతి కావాలంటే నీళ్లను శుభ్రం చేసే తొట్లు కట్టాలి. ఎగువనున్న పెద్ద మిల్లు తొట్లు కడతామంటూ గడువు మీద గడువు తీసుకుంది. మామ పెరట్లో మనిషి పక్కకు తిరిగి నడవాల్సిందే, ఇక తొట్టెక్కడ కడతాడు?

మా అధికారితో కలిసి పరీక్షకు సీసాలో నీళ్లు పట్టడానికి మామ ఇంటికే వెళ్లాల్సి వచ్చింది. అత్తమ్మ చాయ్ తెచ్చింది. చుట్టరికం బయటపడుతుందని నేను ముట్టలేదు. "గడువేమైనా కావాలా?" అని అధికారి మంచిగానే అడిగాడు. మామ నా వైపు చూశాడు. నేను సీసా మూత బిగిస్తూ తల దించుకున్నాను.

"వద్దు సార్. మీరెట్లంటే గట్లనే" అన్నాడు మామ.

గాబులు మూతపడ్డాయి. మామ ఒక గోదాం దగ్గర కాపలాకు కుదిరాడు. ఎందుకు అడగలేదని తర్వాత నిలదీశాను, సిగ్గులేకుండా.

"నువ్వు తల దించినవ్ గద అల్లుడా. అడిగితే నీ నౌకరీకి లొల్లి అయితదనుకున్న."

నేను దించింది పిరికితనంతో. ఆ మాట ఆయనకు చెప్పలేకపోయాను. మిల్లు గడువు ఇంకా నడుస్తూనే ఉంది, నాలా ఇంకా ఎర్రగానే పారుతోంది. మామ చేతులు మాత్రం నెలనెలా తెల్లబడ్డాయి. "పెండ్లికొడుకు లెక్కనే అయిండు మీ మామ" అని అత్తమ్మ ఆటపట్టించేది. ఆయన నవ్వి చేతులు లుంగీలో దాచుకునేవాడు.

మొన్న ఆ పెరట్లోనే ఆయనకు చివరి స్నానం చేయించారు. చేతుల మీద చెంబుతో నీళ్లు నేనే పోశాను. గాబుల పక్కనున్న పాత కాలువలోంచి అవి నాలా వైపు సాగాయి. ఎంత పోసినా రంగు రాలేదు. ఎవరి అనుమతీ అక్కర్లేని నీళ్లు.