బ్యాండు మేళానికి నల్ల బెల్టులు

నేను కాపురానికి వచ్చిన కొత్తలో మా అత్తగారింట్లో తోలు కోసేది మామ, కుట్టేది మా ఆయన, రంగు వేసేది అత్త. చొప్పదండి దగ్గర ఒక ఊళ్లో, మాదిగవాడ చివర మా ఇల్లు. మా పుట్టింటివాళ్లు పొలాల్లో కైకిలికి, అంటే కూలికి, పోయేవాళ్లు, అందుకని తోలు పని నాకు కొత్త.

పెరట్లో రంగు కుండ ఉండేది. తుప్పు పట్టిన మేకులు, ఎద్దుల గిట్టల నుంచి ఊడిన నాడాలు అందులో వేసి, బెల్లం నీళ్లు పోసి పులియబెట్టేది అత్త. మూత తీస్తే కల్లు వాసనా ఇనుము వాసనా కలిసి గుప్పున కొట్టేది. తంగేడు చెక్క నీళ్లలో నానబెట్టి ఊనిన తోలు మీద ఆ నీళ్లు రాస్తే ముందు బూడిద రంగు తేలుతుంది. గాలి తగిలేకొద్దీ నల్లబడుతుంది. మొదటిసారి అది చూసి నేను చిన్నపిల్లలాగా చప్పట్లు కొట్టాను. "గింత సంబురమైతే ఇగ నువ్వే వెయ్యి పిల్లా" అంది అత్త.

అలా రంగు పని నా చేతికి వచ్చిన కొన్నాళ్లకే కరీంనగర్ నుంచి బ్యాండు మాస్టరు వచ్చాడు. పొడుగాటి మనిషి, తెల్లటి షేర్వానీ, మీసాలకు అత్తరు. తన మేళంలో అందరికీ నడుము బెల్టులు కావాలన్నాడు.

"పెద్దయ్యా, అన్నీ ఒక్క తీరుగ నల్లగుండాలె. మొన్న ఒక పెండ్లిల మమ్మల్ని జూసి జనం నవ్విండ్రు. ఒకనిది ఎర్ర బెల్టు, ఒకనిది పసుపుది, ఒకడైతే తాడు కట్టుకున్నడు."

"ఫికర్ జేయకు సాబ్, మా కోడలేస్తది రంగు" అన్నాడు మామ.

రంగు వేసే రోజు పొద్దున్నే తలంటుకుని, నూనె రాసుకుని, నున్నగా జడ వేసుకుని కూర్చున్నాను. కుండలోని చిక్కటి నీళ్లే ముంచి దట్టంగా పూశాను. మధ్యాహ్నానికి బెల్టులన్నీ మచ్చల మేకల్లా తయారయ్యాయి.

ఇంట్లో పంచాయితీ మొదలైంది. తోలు మంచిది కాదని మా ఆయన, నువ్వు తెచ్చిన తోలే కదరా అని మామ. అత్త మాత్రం దుకాణపాయన బెల్లంలో ఇసుక కలిపాడని తిట్టిపోసింది. తిడుతూనే ఒక బెల్టును వెలుతురులోకి ఎత్తి పట్టుకుని ఆగిపోయింది.

"పిల్లా, ఇటు రా. గీ మచ్చల మీద వేళ్లు పెట్టు."

పెట్టాను. మచ్చలు నా వేళ్లకు అచ్చు గుద్దినట్టు సరిపోయాయి.

"తలకు నూనె పెట్టుకున్నవా?"

"పెట్టుకున్న అత్తా."

"గా చేతులతోనే తోలు పట్టినవా?"

నేను చేతులు కొంగులో దాచుకున్నాను. మామ మొహం తిప్పుకున్నాడు కానీ నవ్వుతో భుజాలు ఊగుతున్నాయి. నాకు ఏడుపు వచ్చింది. అత్త నా పక్కన కూలబడి పొట్ట పట్టుకుని నవ్వుతుంటే ఆ ఏడుపులోనే నేనూ నవ్వేశాను.

"నూనె ఉన్నకాడ నీళ్లు నిలుస్తయా? రంగు గూడ గంతే" అంటూ నా తలకు పాత గుడ్డ బిగించి కట్టింది. "బెల్టులు పోయేదాకా తలనూనె ముట్టకు."

కుంకుడు నురగతో తోలును మెల్లగా రుద్ది కడిగాం. నీడన ఆరబెట్టి, తడిగుడ్డతో అంతటా ఒక్క తీరుగా చెమ్మ చేశాం. పొడి తోలు రంగును ఒకచోట గటగట తాగేసి, మరోచోట వదిలేస్తుందట. ఈసారి రంగు పల్చగా కలిపాం. గుడ్డను పిండి, ఈ చివర మొదలుపెడితే ఆ చివర దాకా చెయ్యి ఎత్తకుండా లాగమంది అత్త. నేను మళ్లీ తొందరపడితే చెయ్యి పట్టుకుంది. "తడి మీద రంగు తెల్వదు. ఆరనియ్యి. చాలకుంటె ఇంకో పూత ఏద్దాం. ఒక్కసారే చిక్కగ పూస్తె తోలు పెళుసైతది." ఆరిన కొద్దీ మళ్లీ పూస్తూ పోయాం. చివరికి చేతికి అంటీ అంటనట్టు ఆముదం రాసి గుడ్డతో మెరుగు పెట్టాం.

పక్క ఊళ్లో పెళ్లికి పోతూ మాస్టరు మేళాన్నంతా ఎడ్లబండిలో మా వాడకే తోలుకొచ్చాడు. చాప మీద పరిచిన బెల్టులను గొంతుకూర్చుని చూశాడు.

"గీట్ల మొదలు రంగేసింది ఏది, ఆఖర్ది ఏది బిడ్డా?"

"నాకే తెలుస్తలేదు సాబ్."

ఆయన పకపకా నవ్వి అందరినీ బండి దిగమన్నాడు. బెల్టులు కట్టుకుని వరసగా నిలబడ్డారు. "జర ఒక్క పాట!" అన్నాడు మాస్టరు.

మా పెళ్లిళ్లకు మా డప్పులే. ఇత్తడి బాకాల మేళం మా వాడలోకి రావడం అదే మొదలు. పాట ఎత్తుకోగానే ఇళ్లలోంచి జనం పరుగెత్తుకొచ్చారు. ఎవరో గబగబా మంట వేసి డప్పు కాచి బ్యాండుతో కలిపారు. మామ రెండో డప్పు అందుకున్నాడు. మోకాళ్ల నొప్పులని రోజూ మూలిగే మా అత్త కొంగు నడుముకు దోపి చిందేసింది. ఒక్క పాట కాస్తా ఎన్ని పాటలైందో ఎవరూ లెక్కపెట్టలేదు.

"సాబ్, ఆడ పెండ్లిపిల్లగాడు గుర్రమెక్కి పరేషాన్ అయితుండొచ్చు!" అని మా ఆయన అరిస్తే గాని వాళ్లకు పెళ్లి గుర్తు రాలేదు. అందరూ ఒకరి మీద ఒకరు పడి బండెక్కారు. బండి మూల మలుపు తిరిగేదాకా క్లారినెట్ అతను ఊదుతూనే ఉన్నాడు.