పెనం కడిగిన నీళ్ళ రంగు

రంగు వెలిసిన గుడ్డను పారేయడం నా వల్ల కాదు. దుప్పటో, దిండు గలీబో కాస్త పాలిపోయిందంటే చాలు, దాన్ని వేడినీళ్ళ బకెట్లో ముంచి మరో రంగులో పైకి తీసేదాకా నాకు తోచదు. అనకాపల్లిలో మా పెరటి దండెం మీద ఎప్పుడూ ఏదో ఒకటి రంగు కారుతూనే ఉంటుంది. మా ఆయన బనియన్లన్నీ లేత గులాబీలోకి తిరగడం కూడా నా చేతి చలవే. ఆయన నన్నేమీ అనలేదు. చొక్కా పైబొత్తాం కూడా పెట్టుకుని పరవాడ మందుల కంపెనీ బస్సెక్కడం మొదలుపెట్టారు.

ఒక మధ్యాహ్నం మా అత్త పెరటి గుమ్మంలో కూర్చుని, నేను పిండుతున్న గుడ్డలకేసి చాలాసేపు చూసింది.

"ఒలే, మాయమ్మ సీర రంగు నువ్వెయ్యగలవేటే?" అంది.

అత్త ఏదైనా నోరు తెరిచి అడిగే మనిషి కాదు. కూరలో ఉప్పు తక్కువైతే తినడం ఆపి నా మొహం చూస్తుంది, అంతే. అందుకని గుడ్డలు బకెట్లోనే వదిలేసి ఆవిడ పక్కన కూర్చున్నాను.

ఆవిడ బాగా చిన్నపిల్లగా ఉన్నప్పుడే తల్లి జ్వరం వచ్చి పోయింది. ఫొటో లేదు. వాళ్ళది చెరుకు పండించే ఇల్లు. బెల్లం వండే రోజుల్లో తల్లి పొయ్యి దగ్గర కూర్చుని చెరుకు పిప్పి ఎగదోస్తుంటే, ఈవిడ ఆ ఒళ్ళోనే నిద్రపోయేది. వంట ముగిశాక పెద్ద ఇనప పెనంలో నీళ్ళు పోసి కడిగేవారు. ఆ తీపి నీళ్ళను తల్లి పారబోయనిచ్చేది కాదట. వాటిలో తుప్పు ఇనుము వేసి, కుండలో పులియబెట్టి, కరక్కాయ నీళ్ళలో నానబెట్టిన తెల్లచీరను అందులో ముంచేది. అలా వచ్చిన రంగుకి పేరు లేదు.

"నలుపు గాదు. బూడిద గాదు. వాన ముందు సెరుకుతోట మీద మబ్బుంటాదే, అదీ గాదు," అంది అత్త.

దండెంకేసి చూస్తూ, "మొగం గుర్తు రాదే. ఎంత కళ్ళు మూసుకున్నా రాదు. రంగు మాత్తరం ఉండిపోయింది. అది మళ్ళీ సూత్తే దాని ఎనకాలే మొగం కూడా వత్తాదేమోనని," అని, ఏదో పప్పు పొయ్యి మీద ఉన్నట్టు మామూలుగా లేచి లోపలికి వెళ్ళిపోయింది. నాకు ఏడుపొచ్చింది.

ముందు సులువైన దారి పట్టాను. బజార్లో రంగుపొట్లం కొని, పాత పంచె ముక్కను అద్ది చూపించాను.

"ఇది గొడుగు గుడ్డ," అంది అత్త.

ఇక పౌరుషం వచ్చింది. నల్లబెల్లం తెచ్చాను. తుప్పు మేకులు, విరిగిన కొడవలి, సైకిల్ చైను ముక్క అన్నీ కుండలో వేసి, నీళ్ళు పోసి, మూతికి గుడ్డ కట్టి గోడవారన పెట్టాను. కొన్నాళ్ళకి నురగ వచ్చింది, దాంతోపాటే వాసనా వచ్చింది. పక్కింటావిడ గోడ మీంచి తల పెట్టి, "ఏటొదినా, సారా ఎట్టేరా? మాకూ ఓ గలాసు పంపండి," అంది. మా ఆయన ముక్కు మూసుకుని, "పగలంతా కంపెనీ కంపు, ఇంటికొత్తే ఇదా!" అన్నారు. అత్త ఒక్కతే రోజూ ఆ కుండ దగ్గరికెళ్ళి, గుడ్డ విప్పి, కళ్ళు మూసుకుని వాసన చూసేది. "ఇంకా పులవాల," అని మళ్ళీ కట్టేసేది.

ఆ వేసవి నాకు సగం నిద్రలో గడిచినట్టుంటుంది. కరక్కాయ నీళ్ళలో నాని పసుపు తిరిగిన ముక్కను ఆ పులుపు నీళ్ళలో ముంచితే రంగు ఒక్కసారిగా రాదు. పైకి తీసి గాలి తగలనిస్తే, చూస్తూ చూస్తూ ఉండగా ముదురుతుంది. పొద్దు గూకడం కూడా ఇంతే కదా, కళ్ళెదుటే జరుగుతుంది గానీ చీకటి ఎప్పుడు పడిందో ఎవరూ చెప్పలేరు. ఆ మార్పు చూస్తూ నేను ఎన్నిసార్లు అన్నం మాడబెట్టానో. నా గోళ్ళు నల్లబడ్డాయి, వేళ్ళు గరుకెక్కాయి. కలలో కూడా గుడ్డలు ముంచేదాన్ని, అక్కడి కుండకి అడుగుండేది కాదు.

దండెం మీద ముక్కలు వేలాడేవి. అత్త వచ్చి ఒక్కొక్కదాన్నీ చూసేది.

"ఇది రైలింజను మసి."

"ఇది తడిసిన బూడిద."

"ఇది పక్కింటోళ్ళ పిల్లి."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఒకరోజు బకెట్టు విసురుగా కింద పెట్టి, "మీయమ్మ ఏ దేవలోకంలో అద్దిందో ఆ రంగు! నా వల్ల కాదు," అన్నాను.

"పోన్లేయే," అంది అత్త. దెప్పలేదు, మొహం ముడవలేదు. ఆ మాటలో ఆశ వదిలేసుకోవడం వినబడింది నాకు. తిట్టినా బాగుండేది.

మర్నాడు నా చీరల్లోకల్లా మెత్తనిది, ఉతికి ఉతికి ఉల్లిపొరలా పల్చబడ్డ తెల్ల నేతచీర తీశాను. ముక్కలతో పని లేదనుకుని మొత్తం చీరే ముంచాను. ముంచడం, ఆరబెట్టడం, మళ్ళీ ముంచడం. ఎండలో ఆరాక అత్త వచ్చి నిలబడింది.

"దగ్గిరికొచ్చిందే," అంది. తర్వాత మెల్లగా, "ఐనా ఇది గాదు," అంది.

అత్త పెరట్లోనే చాప మీద నడుం వాల్చింది. నేను చీర తీసి ఒళ్ళో పెట్టుకుని ఆవిడ పక్కన కూలబడ్డాను. ఎండ నిలువునా ఉంది. ఈగలు ఆవిడ మొహం మీద వాలుతున్నాయి. తోలే ఓపిక లేక చీరకొంగు తీసి మొహం మీద కప్పాను.

అత్త ఒళ్ళు బిగుసుకుంది. కొంగు కింద నుంచి చెయ్యి చాచి నా మణికట్టు పట్టుకుంది.

"తియ్యకే."

"ఏటైందత్తా?"

"ఇదే. ఇదేనే ఆ రంగు."

నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. పొగ తగలకుండా తల్లి ఈవిడ మొహం మీద కొంగు కప్పేదట. ఆ కొంగులోంచి పొయ్యి వెలుగూ ఎండా దిగుతుంటే చూస్తూ నిద్రపోయేది. అందరూ ఆ చీరను బయటి నుంచి చూశారు.

"నానెప్పుడూ లోపల్నించే సూసేను," అంది అత్త.

అత్త ఊపిరికి గుడ్డ కాస్త లేస్తోంది, పడుతోంది. అడగాలంటే భయమేసింది. అడిగాను.

"మొహం వచ్చిందా అత్తా?"

ఆవిడ నా మణికట్టు ఇంకా వదల్లేదు.

"నేదే," అంది.

కొంగు తీసేద్దామా అనుకున్నాను. అప్పుడు లోపల్నించి అంది:

"సెయ్యి వచ్చింది. కుడిసేత్తో పిప్పి తోసేది, ఎడంసేత్తో నన్ను జోకొట్టేది. గరుగ్గా ఉండేదే ఆ సెయ్యి. నాకిన్నాళ్ళూ ఆ సంగతే గుర్తు నేదు."

నల్లబడ్డ నా ఎడంచెయ్యి చీరకి తుడుచుకుని ఆవిడ భుజం మీద వేశాను. జోకొట్టడం మొదలుపెట్టాను.

"అలా గాదే," అంది అత్త. "ఇంకా మెల్లిగా."